ఒక్కదానివే ఎట్లుంటావమ్మా?

రిటైరయ్యాక మూడేళ్ళుగా బనగానపల్లెలో ఒక్కదాన్నే ఉంటున్నాను. వీధిలో వాళ్ళూ, నంద్యాల నుంచి వచ్చే చుట్టాలూ అడిగే మొదటి మాట, "ఒక్కదానివే ఎట్లుంటావమ్మా?"

ఏకాంతం మా ఊరికి కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని చెప్పుకుంటాం. మగవాడు గుహలో ఒంటరిగా కూర్చుంటే అది తపస్సు. ఆ అచ్చమ్మే సంసారం వదిలి కొండెక్కి కూర్చునుంటే ఏమనేవాళ్ళో!

ఈ ఆలోచనతోనే అబ్బూరి ఛాయాదేవి కథలు మళ్ళీ తీశాను. 'సుఖాంతం'లో ఇల్లాలికి చిన్నప్పటి నుంచీ కంటినిండా నిద్ర లేదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. చివరికి నిద్రమాత్రలే ఆమెకు దిక్కవుతాయి. ఇంటినిండా మనుషులే, ఆమె అలసట కనిపెట్టిన మనిషి మాత్రం లేదు. ఇది కథ మాత్రమే అనుకోవడానికి లేదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45 వేల పైచిలుకు. వాళ్ళలో సగానికి పైగా గృహిణులే. ఒంటరి ఆడదాని గురించి ఇంత బెంగపడే సమాజం ఈ నిండు ఇళ్ళ వైపు ఎందుకు చూడదు?

'తన మార్గం'లో భర్త పోయిన వృద్ధురాలు పిల్లల పంచన చేరకుండా తన ఇంట్లో తానుగా బతకాలనుకుంటుంది. 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న సంపుటికి ఈ కథ పేరే పెట్టారు. ఒంటరి బతుకును శిక్షగా కాక నిర్ణయంగా చూపడం ఈ కథ బలం. అయితే నిర్ణయం తీసుకున్న తర్వాతి సాయంత్రాల మాటేమిటి? నాకా సంగతి తెలుసు. కిందటి వానాకాలం నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు పక్కింటమ్మాయి పిలిస్తే గొంతు పెగల్లేదు. అప్పటికే వంట ఎవరి కోసమన్న విసుగు, నిద్ర లేని రాత్రులు. ధైర్యం ఉన్నంత మాత్రాన మనసుకు జబ్బు రాదనుకోవడం పొరపాటు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. నేను సిగ్గు విడిచి టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. నా మాట వినేవాళ్ళు ఒకరున్నారని తెలియడమే ఆ రోజుకి పెద్ద ఊరట.

ఛాయాదేవి కూడా చివరి సంవత్సరాల్లో హైదరాబాదులోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో నలుగురి మధ్య గడిపి, 2019లో కన్నుమూశారు. అది 'తన మార్గం' నుంచి వెనక్కి తగ్గడమని నేననుకోను. ఒంటరిగా ఉండటమైనా, తోడు వెతుక్కోవడమైనా, ఎంచుకునేది ఆమె అయినప్పుడే అది ఆమె మార్గం.

మొన్న పక్కింటమ్మాయికి 'సుఖాంతం' చదివి వినిపించాను. అత్తామామలూ మరుదులూ పిల్లలతో కిటకిటలాడే ఇల్లు ఆమెది. విని చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఆమె నేనేనక్కా" అంది.

నన్ను అందరూ అడిగే ప్రశ్నను ఆమెను ఎవరూ అడిగి ఉండరు. అందుకే అడిగాను:

"అంతమందిలో ఎట్లుంటున్నావమ్మా?"