కాదనే హక్కు: రమాబాయి లేఖల్లో స్నేహం

'కన్యాశుల్కం' చివర బుచ్చమ్మను పూనా విడోస్ హోముకు పంపే ఏర్పాటు జరుగుతుంది. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే నన్ను ఒక విద్యార్థిని అడిగింది: "అక్కడికెళ్ళాక బుచ్చమ్మ ఏం మాట్లాడిందండీ?" నా దగ్గర జవాబు లేదు. మన సంస్కరణ సాహిత్యంలో వితంతువు గురించి మాట్లాడినవారు ఎక్కువ, మాట్లాడిన వితంతువులు తక్కువ. ఆ ప్రశ్నే నన్ను పండిత రమాబాయి (1858–1922) లేఖల దగ్గరికి నడిపించింది.

రమాబాయి 1882లో భర్తను పోగొట్టుకుంది. 1883లో పసికూతురు మనోరమతో ఇంగ్లండు చేరి, వాంటేజ్‌లోని ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో ఆశ్రయం పొంది, ఆ ఏడే బాప్తిస్మం తీసుకుంది. అక్కడి సిస్టర్ జెరాల్డీన్‌ను ఆమె 'ఆజీబాయి' అని పిలిచేది. మరాఠీలో ఆ మాటకు నాయనమ్మ, అమ్మమ్మ అని అర్థం. అంత దగ్గరితనంలోనే తగువు కూడా మొదలైంది. ఆమె మగవారికి పాఠం చెప్పడం తగదని బిషప్పులు అభ్యంతరం చెప్పారు. స్వదేశంలో పురుషుల సభల్లో ఉపన్యసించిన ఈ పండితురాలు ఆ ఆంక్షను నిలదీసింది. సిలువ మీద లాటిన్ మాటలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదని వాదించింది. త్రిత్వ సిద్ధాంతాన్నీ ప్రశ్నించింది. ఒక పురోహితవర్గం పెత్తనం నుంచి బయటపడింది మరో పురోహితవర్గానికి తలవంచడానికి కాదన్నదే ఆమె వాదన సారం.

ఈ లేఖల పక్కన 1887లో అమెరికాలో అచ్చయిన ఆమె ఇంగ్లీషు గ్రంథం 'ది హై కాస్ట్ హిందూ ఉమన్' పెట్టి చూడాలి. వితంతువుల చదువుకు విరాళాలు కూడగట్టడానికి రాసిన పుస్తకమది. కనుక అందులో వితంతువు ముఖ్యంగా జాలికి పాత్రురాలు. ప్రయోజనం నెరవేరింది: అదే ఏడాది బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడింది, 1889లో బొంబాయిలో శారదా సదన్ వెలిసింది. కాని రచనగా నాకు లేఖలే గొప్పవి. గ్రంథంలో వితంతువు దుఃఖం కనిపిస్తుంది, లేఖల్లో వితంతువు బుద్ధి కనిపిస్తుంది. జాలి ఇచ్చే చేతిని పైన నిలబెడుతుంది. వాదనకు దిగాలంటే ఇద్దరూ ఒకే నేల మీద నిలబడాలి.

ఇక్కడ జెరాల్డీన్‌ను సామ్రాజ్యవాద ప్రతినిధిగా మాత్రమే చూసి ఊరుకోవడం తేలిక. ఆమెలో అధికార ధోరణి ఉన్నమాట నిజమే. శిష్యురాలి గర్వాన్ని ఆమె నిష్ఠూరంగానే తప్పుపట్టింది. అయినా తనను ఎదిరించిన ఆ ఉత్తరాలను భద్రపరచి, కూర్చిపెట్టింది కూడా ఆమే. ఎ.బి. షా సంపాదకత్వంలో అవి 1977లో పుస్తకంగా వచ్చాయి. తనకు ఎదురుచెప్పిన మాటల్ని చింపెయ్యకుండా దాచిన మనిషిని స్నేహితురాలనక మరేమంటాం?

అయితే ఇదే కొలబద్దతో రమాబాయినీ కొలవక తప్పదు. ఆమె ఇంగ్లీషు గ్రంథం పేరులోనే 'ఉన్నత కులం' ఉంది. శ్రమ చేసే కులాల స్త్రీ దాని పరిధికి బయటే ఉండిపోయింది. 1896–97 కరువు ఆ పరిధిని బద్దలుకొట్టింది. కరువు ప్రాంతాల నుంచి తెచ్చిన ఆడపిల్లలతో కేడ్గావ్‌లో ముక్తి మిషన్ పెరిగింది. కులం అడ్డుగోడ అక్కడ కూలింది, ఇది చిన్న విషయం కాదు. కాని అన్నం పెట్టిన చోటే మతమూ ఉన్నప్పుడు, ఆ పిల్లలు 'కాదు' అనడానికి ఎంత చోటుంది? విద్యార్థినుల మతాంతరీకరణ వివాదంలో 1893లోనే రానడే, భండార్కర్ శారదా సదన్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. వాంటేజ్‌లో తనకోసం పోరాడి తెచ్చుకున్న హక్కును ఆమె కేడ్గావ్‌లో పంచిందా? రమాబాయి ఉత్తరాలను దాచిన జెరాల్డీన్ ఉంది. కరువు పిల్లల ఉత్తరాలు మాత్రం ఈ సంపుటంలో లేవు.

ఆ విద్యార్థినికి ఇప్పుడు నేను చెప్పగలిగింది ఇంతే: బుచ్చమ్మ ఏం మాట్లాడిందో గురజాడ చెప్పలేదు, మాట్లాడగలదని రమాబాయి రుజువు చేసింది. వితంతువును, బీదరాలిని పాత్రగా తీసుకునే యువరచయితలు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆదుకునే చేతిని వర్ణించి ఆగిపోవద్దు. ఆ చేతికి ఆమె ఎదురుచెప్పే మాటకూ కథలో చోటివ్వాలి.