చీనానాటకమునకు సంప్రదాన మెవరు?

చీనాదేశపు నాటకమునుగూర్చి వ్రాయువారు మొగమునఁ బూయు రంగులను, కంచుతాళముల మ్రోఁతను, నటుల లంఘనములను వర్ణించి విరమింతురు. రంగ మే దిక్కునకు మొగము చేసియున్నదని యడుగువా రరుదు. నాకుఁ జూడఁగా నా ప్రశ్నయే ముఖ్యము.

ఫోషాన్ నగరమందలి జూమియావో యను ప్రాచీనాలయము ఉత్తరదిక్పతియగు దేవతకు నెలవు. 1658లో నచటఁ గట్టఁబడిన వాన్‌ఫూథాయ్ అను రంగము ఆ దేవతకే యభిముఖముగా నున్నది. జనులు నడిమి ముంగిటను, ఇరుప్రక్కల వసారాలలోను నుండి చూచెడివారు. వైయాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న, నాటకము సమర్పణక్రియకుఁ గర్మము, దేవత సంప్రదానము. జనులు సమర్పణము జరుగుచుండఁగాఁ జూచినవారు మాత్రమే.

హాంకాంగునం దీ భావము మఱింత స్పష్టము. దేవతల జన్మదినములకు నేఁటికిని వెదుళ్లతోఁ దాత్కాలికరంగములు గట్టి నాటకము లాడింతురు. ఆలయమున కెదురుగాఁ జోటు లేనిచో దేవతామూర్తులనే తెచ్చి రంగమున కెదుటి పందిరిలో నిలుపుదురు. క్రొత్తనేలపై నాడునపుడు ముందుగాఁ దెల్లపులిని శాంతింపఁజేయు తంతు గలదు. మన పూర్వరంగమునకు దీనితోఁ జుట్టఱికము గలుపుట సాహసము. విఘ్నశాంతి యను ప్రయోజనము మాత్రము రెంటికిని సమానము. షాన్షీ రాష్ట్రమున హోంగ్‌దోంగ్ జలదేవతాలయపు గోడపై 1324 నాటి చిత్రమందు ఒక నాటకసమాజము వేషములతో నిలిచియున్నది. గుడిగోడపై నటులకుఁ జోటు దొరకుట సామాన్యగౌరవము గాదు.

నేఁడు జూమియావో ప్రదర్శనశాల. యాత్రికుఁడు రుసుము చెల్లించి లోనికిఁ బోవును. అచటి రంగముపై నాటకఖండ మాడినపుడు సంప్రదాన మతఁడే. ఈ మార్పు ఫోషానుకు మాత్రమే చెందినది గాదు. పెకింగు నాటకశాలలలో యాత్రికులకై కూర్చు ప్రదర్శనములందు సాన్‌ఛాఖోవ్ అను ఖండము తఱచుగాఁ గనఁబడును. చీఁకటిగదిలో నిరువురు పొరపాటునఁ బోరుదురు. రంగమున వెలుఁగు నిండుగా నుండఁగా, తడవుకొను చేతులతోనే నటులు చీఁకటిని గల్పింతురు. నాట్యధర్మి కింతకుమించిన యుదాహరణము నే నెఱుఁగను. భాష రానివాఁడును దీని నాస్వాదింపఁగలఁడు. కావున దీని నెన్నుట తప్పనను. కాని థాంగ్ షియన్‌జూ 1598లో ముగించిన మూదాన్‌థింగ్ ఏఁబదియైదు దృశ్యముల నాటకము. దాని ప్రాణము గేయమున నున్నది. గంటకాలపు సందర్శకుని మెప్పే కొలఁతయైనచో మొదటఁ దొలఁగునది యట్టి గేయమే. నా భయ మంతయు నిదియే.

కారకములు వక్తృవివక్షాధీనములు గదా, యాత్రికునే సంప్రదానముగా వివక్షించిన దోషమేమి యని మా శిష్యుఁ డొకఁడు నన్నాక్షేపించెను. అతని వ్యాకరణము సరియే. కాని వాన్‌ఫూథాయ్ ముంగిటఁ గూర్చుండి రంగమును జూచు యాత్రికుని వీఁపువెనుక దేవత యిప్పటికిని ఉన్నది. నటుని చూపు అతని తలమీఁదుగా నచటికే పోవునట్లు ఆ రంగమును గట్టిరి.