టేబుల్ పైన, టేబుల్ కింద: ‘సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్’

‘క్రాష్ లాండింగ్ ఆన్ యు’ చూసి, సోన్ యే-జిన్ కోసం వెనక్కి వెళ్ళి ‘సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్’ మొదలుపెట్టినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది చెప్పేది దాదాపు ఒకటే. మొదటి సగం అద్భుతం, తర్వాత సాగదీశారు. లవ్ ట్రాక్ బావుంది, ఆఫీసు గొడవ బోర్. హీరోయిన్ చివరికొచ్చేసరికి విసిగించేసింది. ఆఫీసు సీన్లు రాగానే పది సెకన్ల చొప్పున ముందుకి తోసేసి చూశామని కొందరు గర్వంగా కూడా చెప్తారు.

ఈ ఫిర్యాదుల్లో కొంత నిజముంది, దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. కానీ ఆఫీసు సీన్లు దాటేసి చూసినవాళ్ళకి చివరి ఎపిసోడ్లలో యూన్ జిన్-ఆ అలా ఎందుకు ప్రవర్తిస్తుందో అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి కారణం వాళ్ళు దాటేసిన సీన్లలోనే ఉంది.

జేటీబీసీ ఛానల్లో 2018 మార్చి 30 నుంచి మే 19 దాకా 16 ఎపిసోడ్లుగా వచ్చింది ఈ డ్రామా. దర్శకుడు ఆన్ పాన్-సోక్, రచన కిమ్ ఉన్. మనకి నెట్‌ఫ్లిక్స్‌లో కనపడే ఇంగ్లీషు పేరులో వాన ఉంది, అసలు కొరియన్ పేరులో అన్నం ఉంది. ఆ పేరుని తెలుగులోకి తెచ్చుకుంటే ‘భోజనం బాగా కొనిపెట్టే అందమైన అక్క’ అవుతుంది. కొరియన్లో ‘బాప్’ అంటే అన్నం, భోజనం కూడా. ‘అన్నం తిన్నావా?’ అనేది వాళ్ళకీ కుశలప్రశ్నే. ఇక ‘నూనా’ అంటే మగవాళ్ళు అక్కని పిలిచే పిలుపు. బంధువు కాకపోయినా, తనకంటే పెద్దదైన చనువున్న అమ్మాయిని కూడా అలాగే పిలుస్తారు. మన దగ్గర ఒకసారి ‘అక్కా’ అన్నాక ప్రేమకథకి తలుపు మూసుకున్నట్టే. అక్కడ అలా కాదు. వయసులో పెద్దవాళ్ళు డబ్బులివ్వడం అక్కడి మర్యాద, కాబట్టి ‘నూనా, భోజనం కొనిపెట్టు’ అనే చనువు నుంచి ఎటైనా వెళ్ళొచ్చు. ఈ కథ ప్రేమ వైపు వెళ్తుంది.

జిన్-ఆ ఒక కాఫీ కంపెనీలో బ్రాంచిల సూపర్‌వైజర్. ముప్పైల మధ్యలో ఉంటుంది, అమ్మానాన్నలతో కలిసి ఉంటుంది. ఆమె ప్రాణస్నేహితురాలి తమ్ముడు సియో జూన్-హీ (జంగ్ హే-ఇన్) అమెరికా నుంచి తిరిగొస్తాడు. గేమ్ కంపెనీలో డిజైనర్. ఇద్దరి ఆఫీసులూ ఒకే బిల్డింగ్‌లో. భోజనాలు మొదలవుతాయి. ఒకరోజు ఆమె కొంటుంది, ఇంకోరోజు అతను. ఎవరు ఎవరికి బాకీ అనే ఆటలోంచి ప్రేమ పుడుతుంది. ఈ భాగం ఎంత బావుంటుందో అందరూ ఇప్పటికే చెప్పారు, నేను కొత్తగా చేర్చేదేం లేదు.

ఈ డ్రామాలో ఇంకో భోజనం కూడా ఉంది. దాని పేరు ‘హ్వేసిక్’. మాటకి అర్థం కలిసి తినడమే. ఆఫీసయ్యాక టీమంతా వెళ్ళే విందు. మొదట మాంసం కాల్చుకుంటూ సోజూ, తర్వాత రెండో రౌండు, ఓపికుంటే మూడో రౌండు, నోరేబాంగ్‌లో పాటలు. రౌండ్లని నిజంగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. పెద్దవాళ్ళకి రెండు చేతులతో గ్లాసు నింపాలి. వాళ్ళ ముందు తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. ఎవరి గ్లాసు ఖాళీ అయిందో అడగకుండానే గమనించాలి. ఎదుటివాడి మనసు వాడు నోరు తెరవకముందే పట్టుకునే ఈ నేర్పుని ‘నున్చి’ అంటారు. నున్చి లేదంటే పనికిరానివాడని అర్థం.

జిన్-ఆకి ఇవన్నీ బాగా వచ్చు. మాంసం తిప్పడం, గ్లాసులు నింపడం, మేనేజర్ల చేతులు భుజం మీద పడితే నవ్వుతూ తప్పుకోవడం, నోరేబాంగ్‌లో బాసు పాడుతుంటే టాంబరిన్ వాయించడం. అందుకే ఆఫీసులో ఆమెకి ‘యూన్ టాంబరిన్’ అని పేరు పడింది. మొదటిసారి వింటే ముద్దుపేరులా ఉంటుంది. కాసేపటికి అది ఉద్యోగ వివరణ అని తెలుస్తుంది. ఇంకొకరి సంతోషానికి తాళం వేయడం ఆమె పని. అది ఆఫర్ లెటర్‌లో ఉండదు, చెయ్యకపోతే మాత్రం అప్రైజల్‌లో తెలుస్తుంది.

ఆన్ పాన్-సోక్ ఈ విందుల్ని తీసే పద్ధతి గమనించండి. విలన్ సంగీతం ఉండదు, క్లోజప్పులో కోరలు కనపడవు. కెమెరా దూరంగా కూర్చుని ఉంటుంది. డైరెక్టరూ టీమ్ లీడరూ రాక్షసుల్లా ఉండరు, కొంచెం నవ్వు తెప్పించే నడివయసు మగవాళ్ళలా ఉంటారు. చూస్తున్న మనకి ‘బోర్’ కొట్టడం నాకు అర్థమవుతుంది. ఆ టేబుల్ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళక్కూడా బోరే, భయంతో కలిసిన బోర్. లేచి వెళ్ళడానికి మాత్రం వాళ్ళకి కుదరదు. మన చేతిలో రిమోట్ ఉంది.

ఇప్పుడు అందరికీ గుర్తుండే ఆ సీన్‌కి వద్దాం. నలుగురూ కూర్చున్న టేబుల్ కింద జిన్-ఆ జూన్-హీ చేయి పట్టుకుంటుంది. ఆమే మొదట చేయి చాపుతుంది. టేబుల్ పైన అంతా మామూలుగా ఉంటుంది, కింద మాత్రం ఆమె ఎవరి గ్లాసూ నింపని తన సొంత పని చేస్తుంటుంది. ఇది రొమాంటిక్ సీన్ అని చూస్తాం, నిజమే. కానీ అప్పటిదాకా టేబుల్ దగ్గర ఆ చేతులు ఏం చేశాయో గుర్తుంటేనే దాని బరువు తెలుస్తుంది. పట్టకారు, సోజూ సీసా, టాంబరిన్ పట్టుకున్న చేతులు అవి. తనకి కావలసినదాన్ని పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ప్రేమలో పడ్డాక ఆమె ఆఫీసు విందులో మాంసం తిప్పడం మానేస్తుంది. టీమ్ లీడర్ మొహం మాడిపోతుంది. నన్ను ఇంత అపురూపంగా చూసే మనిషిని చూశాక నేనూ అపురూపమేనని తెలిసింది అన్న అర్థంలో ఆమె మాట్లాడుతుంది. ఇక్కడ ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఇక్కడే చిన్న అనుమానం మొదలైంది. ఇది అరువు తెచ్చుకున్న ధైర్యం. అది ఇచ్చినవాడు పక్కన లేనప్పుడు ఏమవుతుంది? తర్వాతి ఎపిసోడ్లన్నీ ఈ ప్రశ్నకి జవాబులే అనుకుని చూస్తే ‘సాగదీత’ అనిపించినదాంట్లో సగమైనా సాగదీత కాదని తెలుస్తుంది.

ఈ డ్రామా వచ్చిన సమయం కూడా ముఖ్యమే. 2018 జనవరి 29న ప్రాసిక్యూటర్ సియో జీ-హ్యోన్ తనపై జరిగిన వేధింపు గురించి టీవీలో మాట్లాడారు. కొరియాలో మీటూ ఉద్యమం ఊపందుకున్నది అక్కడే. ఆమె మాట్లాడింది జేటీబీసీ వార్తల్లోనే. సరిగ్గా రెండు నెలలకి అదే ఛానల్లో జిన్-ఆ టాంబరిన్ వాయిస్తూ కనపడింది. ఆ ఏడాదే వారానికి గరిష్ఠ పనిగంటల్ని 68 నుంచి 52కి తగ్గించే చట్టం వచ్చింది, జూలై 1 నుంచి 300 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థల్లో అమలైంది. అప్పుడొచ్చిన పెద్ద సందేహం: మరి హ్వేసిక్ పనిగంటల్లోకి వస్తుందా? పనిగంటలుగా లెక్కించడం కష్టమని కార్మిక శాఖ మార్గదర్శకాలు తేల్చాయి. అంటే జిన్-ఆ కాల్చిన మాంసం, నింపిన గ్లాసులు కాగితం మీద పని కాదు. ఆఫీసులో వేధింపుల్ని నిషేధించే చట్టం ఇంకో ఏడాదికి, 2019 జూలై 16న అమల్లోకి వచ్చింది.

డ్రామాలో కంపెనీ విచారణ మొదలుపెడుతుంది. మాట్లాడతామన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గుతారు. అందరినీ మెప్పిస్తూ వచ్చిన జిన్-ఆ మీదే మొత్తం బరువు పడుతుంది. ఆమెని ఉద్యోగంలోంచి తీసెయ్యరు. సియోల్‌కి ఉత్తరాన ఉన్న పాజులో లాజిస్టిక్స్ సెంటర్‌కి బదిలీ చేస్తారు. ఇది కొరియా ఆఫీసు గురించి ఈ డ్రామా చెప్పిన అతి నిక్కచ్చి విషయం. అరుపులుండవు, బెదిరింపులుండవు, ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఉంటుంది. దాంట్లో ఒక్క మాట కూడా తప్పుగా ఉండదు.

ఇంట్లో కూడా ఇదే నడుస్తుంటుంది. తల్లిలేని జూన్-హీనీ, వాళ్ళ అక్కనీ సొంత పిల్లల్లా చూసిన జిన్-ఆ తల్లి, అతను అల్లుడవుతాడనేసరికి అతని కుటుంబ నేపథ్యాన్ని తిరగేస్తుంది. పోరు పడలేక జిన్-ఆ పెళ్ళిచూపులకి వెళ్తుంది, అతనికి చెప్పకుండా. దీనికి చాలామందికి కోపమొచ్చింది. ఇంత ప్రేమించేవాణ్ణి పెట్టుకుని ఇదేం పని అన్నారు. కానీ ఈమె ఇన్నేళ్ళూ ఆఫీసులో నేర్చుకున్నదేంటి? ఎదుటివాళ్ళు కోప్పడకముందే వాళ్ళకి కావలసింది ఇచ్చేసి, నిజం మాత్రం తనలోనే దాచుకోవడం. డైరెక్టర్ దగ్గర పనికొచ్చిన ఆ విద్యనే అమ్మ దగ్గరా వాడింది, చివరికి జూన్-హీ దగ్గరా వాడింది. అతనికి బాధ కలగకూడదని దాచిన ప్రతి విషయమూ అతన్ని ఇంకా బాధపెట్టింది. ప్రేమ ఆమెకి ‘నువ్వు అపురూపం’ అని చెప్పింది కానీ ‘కాదు’ అనే మాట పలకడం నేర్పలేదు. అది ఎవరో వచ్చి నేర్పేది కాదని డ్రామా ఉద్దేశమని నాకనిపిస్తుంది.

అతనూ అంత అమాయకుడేం కాదు. తనకి దొరికిన పరిష్కారం, అమెరికా వెళ్ళిపోదాం రమ్మనడం. ఎంత ప్రేమగా అడిగినా, ఆమె జీవితం ఎక్కడుండాలో నిర్ణయించే ఇంకో మనిషి అయ్యాడు. ఆమె వెళ్ళదు. విడిపోతారు. ఈ ‘వెళ్ళకపోవడం’ ఆమె పిరికితనమని చాలామంది అనుకున్నారు. ఆమె మొత్తం కథలో ఎవరూ తోడు లేకుండా చెప్పిన మొదటి ‘కాదు’ అదేనని నా లెక్క.

అదే 2018లో, కొన్ని వారాల తేడాతో ‘వాట్స్ రాంగ్ విత్ సెక్రటరీ కిమ్’ వచ్చింది. తొమ్మిదేళ్ళు బాసు కనుసన్నల్లో బతికిన సెక్రటరీ, ఇక నాకోసం బతుకుతానంటూ రాజీనామా ఇవ్వడంతో మొదలవుతుంది, ఆ బాసుతోనే పెళ్ళితో ముగుస్తుంది. సరదాగా ఉంటుంది, నేనూ నవ్వుకుంటూ చూశాను. అక్కడ ఆఫీసు అనేది అందమైన సెట్టు. అంతకుముందు ఏడాది వచ్చిన ‘బికాజ్ దిస్ ఈజ్ మై ఫస్ట్ లైఫ్’లో ఊ సూ-జీ అనే పాత్ర ఈ విషయంలో జిన్-ఆకి చెల్లెలి వరస. సహోద్యోగుల వెకిలి మాటలకి నవ్వుతూ బతుకుతుంది, తన తరపున కోప్పడబోయిన ప్రియుణ్ణే అడ్డుకుంటుంది. రేపు ఆ ఆఫీసుకి వెళ్ళాల్సింది అతను కాదు, ఆమె. కానీ ఆమె కథ పక్కకథ. అదే బతుకుని మధ్యలో పెట్టి 16 ఎపిసోడ్లు నడపడం ‘సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్’ చేసిన సాహసం.

లోపాలు లేవని కాదు. రెండు మూడు పాటల్నే అరగదీశారు. ‘స్టాండ్ బై యువర్ మ్యాన్’ ఇంకోసారి మొదలవుతుంటే మ్యూట్ బటన్ వెతుక్కున్నాను. ఆ పాట పేరులోని సలహాని డ్రామా వెక్కిరిస్తోందో, నమ్ముతోందో కూడా తేల్చుకోలేకపోయాను. అమ్మ పాత్రకి ఒక్కటే స్వరం ఇచ్చారు. విచారణ కథలో సాక్ష్యం చెప్పక వెనక్కి తగ్గిన మిగతా ఆడవాళ్ళ మనసుల్లోకి వెళ్ళే అవకాశం ఉండి కూడా వెళ్ళలేదు. వాళ్ళు దుర్మార్గులు కాదు, వాళ్ళకీ ఇంటి అద్దె ఉంటుంది. ఆ భయాన్ని చూపించి ఉంటే జిన్-ఆ ఒంటరితనం ఇంకా లోతుగా తెలిసేది.

మన ఆఫీసుల్లో సోజూ లేదు, బాసుల్ని పేరు పెట్టే పిలుస్తాం కాబట్టి ఇదంతా కొరియా గోల అని అనుకోవచ్చు. 2013 నుంచి మనకి చట్టముంది, 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, ఏడాదికోసారి స్లైడ్లు తిప్పి క్విజ్ పాసవుతాం. అది అవసరమే. కానీ టీమ్‌లో పుట్టినరోజు కేక్ ఎవరు ఆర్డర్ చేస్తారు? ఎథ్నిక్ డే ముగ్గు ఎవరు వేస్తారు? క్లయింట్ వస్తే పువ్వులివ్వడానికి ఎవరిని పిలుస్తారు? నేను పనిచేసిన టీముల్లో ఈ పేర్లు దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళవే, ‘తను బాగా చేస్తుంది కదా’ అన్న మెచ్చుకోలుతో సహా. బగ్ ట్రాకర్‌లో వీటికి టికెట్ ఉండదు. ‘యూన్ టాంబరిన్’ కూడా మెచ్చుకోలుగానే మొదలైంది.

చివరి ఎపిసోడ్లో జిన్-ఆ ఉద్యోగం మానేసి, పాత సహోద్యోగి ఉన్న జేజూ దీవికి వెళ్తుంది. తర్వాత జూన్-హీ అక్కడికొస్తాడు, వాన పడుతుంది, అందరికీ కావలసిన ముగింపు దొరుకుతుంది. వాన సీన్‌కి దర్శకుడు బోలెడంత తీరిక ఇచ్చాడు. రాజీనామాని మాత్రం త్వరగా దాటేశాడు. నాకైతే ఆ తీరిక అక్కడ కావాలనిపించింది. ఆ పూట ఆమె వెనకాల జూన్-హీ లేడు, అమ్మ లేదు, కమిటీ లేదు. ఆ కాగితం ఆమె ఒక్కతే ఇచ్చింది. ఈసారి చూసేటప్పుడు ఆఫీసు సీన్లు దాటెయ్యకుండా చూడండి. వాన కంటే ముందు ఆ కాగితం దగ్గర ఆగాలనిపిస్తుంది.