విప్పడానికి వీలుగా కట్టిన రేడియో

పాత ఫిల్కో రేడియో ఛాసిస్‌ను బోర్లించి చూస్తే, వాల్వు సాకెట్ల మధ్య నల్లటి బేకలైట్ దిమ్మలు కనిపిస్తాయి. ఒక్కొక్క దాని మీద వైర్లు టంకం పెట్టడానికి కొసలు ఉంటాయి. దిమ్మ లోపలంతా తారు. ఆ తారులో కాగితపు కండెన్సర్లు మునిగి ఉంటాయి. అంటే లోపలి కండెన్సర్‌ను తేమ నుంచి కాపాడేదీ, బయటి వైర్లు వేలాడకుండా పట్టి ఉంచేదీ ఆ ఒక్క దిమ్మే. ఎనభై ఏళ్లు దాటాక లోపలి కాగితం పాడైపోతుంది కాని, బేకలైట్ చెక్కుచెదరదు.

దీన్ని బాగుచేయడానికి సులువైన దారి ఒకటుంది. దిమ్మను కత్తిరించి పారేసి, ఆ చోట కొత్త కండెన్సర్లు వేలాడదీస్తే రేడియో పాడుతుంది. ఈ రేడియోను బాగుచేసిన మా అన్నయ్య ఆ పని చేయడు. దిమ్మను వేడి గాలితో మెల్లగా కాచి, తారు మెత్తబడగానే లోపలి సరుకంతా బయటికి నెట్టేస్తాడు. అంతే విలువ ఉన్న కొత్త ఫిల్మ్ కండెన్సర్లను అందులో కూర్చి, వాటి తీగలను పాత రంధ్రాల గుండానే పైకి తీసి, అడుగున నల్ల మైనం పోసి మూసేస్తాడు. పైనుంచి చూసినవాళ్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దిమ్మే కనిపిస్తుంది. ఒక్కో దిమ్మకు గంటసేపు పట్టినా తొందరపడడు.

అన్నయ్య మా పెదనాన్నగారి అబ్బాయి. కుర్రతనంలో విజయవాడలో ఒక రేడియో రిపేరు షాపులో మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు సెట్ల మీద చెయ్యి తిప్పుకున్నవాడు. తర్వాత ఇంజనీరై, ఫిలడెల్ఫియా దగ్గర స్థిరపడ్డాడు. మన ఇళ్లలో బల్ల మీద పెట్టుకునే సెట్లే ఎక్కువ. నేల మీద నిలబడే ఈ బీరువాలాంటి కన్సోల్ రేడియోలు అమెరికాలోనే విరివిగా తయారయ్యాయి. పెన్సిల్వేనియాలో పాతవస్తువుల దుకాణాలకు పేరుపడ్డ ఆడమ్స్‌టౌన్‌లో, ఒక దుకాణం వెనక మూల దుప్పటి కప్పి ఉన్న ఈ 1938 మోడల్ ఫిల్కో అరవై డాలర్లకు దొరికింది. పుట్టినచోటుకు ఎంతో దూరం పోలేదన్నమాట. ఫిల్కో ఫిలడెల్ఫియా కంపెనీయే. రేడియోలకు ముందు బ్యాటరీలు అమ్మేది. కరెంటు ప్లగ్గుతో నడిచే రేడియోలు వచ్చాక బ్యాటరీలకు గిరాకీ పోతే, 1928లో తానే రేడియోల తయారీకి దిగి, కొద్ది ఏళ్లలోనే ఆ దేశంలో అందరికన్నా ముందుకు వెళ్లింది.

1938 నాటి పెద్ద ఫిల్కో కన్సోళ్లలో మీటల ప్యానెల్ నిటారుగా కాకుండా వెనక్కి వాలి ఉంటుంది. స్టేషన్ మార్చడానికి ఎవరూ వంగాల్సిన పని లేదు, నిలబడే డయల్ చదువుకోవచ్చు. అవసరం తెలిసి గీసిన గీత అది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం లోపలి కట్టుబడి. వాల్వులన్నీ సాకెట్లలో ఉంటాయి, చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఛాసిస్ కొద్దిపాటి బోల్టులతో చెక్కకు బిగించి ఉంటుంది. ఆ బోల్టుల దగ్గర రబ్బరు మెత్తలు వేశారు. స్పీకర్ అదురు ట్యూనింగ్ కండెన్సర్ రేకులకు తగిలితే రేడియో ఊళ పెడుతుంది. ఆ అదురును ఆపడానికే ఈ మెత్తలు. రెసిస్టర్ల విలువను కూడా రంగుల్లోనే రాసిపెట్టారు. ఒంటి రంగు మొదటి అంకె, కొస రంగు రెండో అంకె, మధ్య చుక్క ఎన్ని సున్నాలో చెబుతుంది. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒక మెకానిక్ ఈ ఛాసిస్‌ను బోర్లిస్తాడని తెలిసే కట్టారు. ఈరోజు కొంటున్న వస్తువులు అతుకు తెలియకుండా మూసుకుపోయి వస్తున్నాయి. అందుకే నాకు ఈ బోల్టుల మీద ఇంత గౌరవం.

కాలానికి నిలవనిది రబ్బరు. వైర్ల మీది తొడుగు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతోంది. అన్నయ్య ఒక్కో వైరునూ తీసి, అదే రంగు గుడ్డ తొడుగున్న వైరును అదే మలుపుల్లో నడిపాడు. ఇందులో అందం మాత్రమే చూసుకుంటే పొరపాటు. వైరు ఎటు వంగింది, దేనికి ఎంత దూరంలో ఉంది అన్నదాన్ని బట్టి రేడియో తీరు మారుతుంది.

"ముందు ఏది మారుస్తావు?" అని అడిగాను.

"చివరి వాల్వు గ్రిడ్ దగ్గరి కండెన్సర్‌రా. మిగతావన్నీ దాని తర్వాతే," అన్నాడు.

కారణం ఉంది. ఆ కండెన్సర్‌కు ఒకవైపు వందల వోల్టులు ఉంటాయి, ఇంకోవైపు 6ఎఫ్6 లాంటి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్. పాటను పోనిచ్చి వోల్టేజిని ఆపడం దాని పని. కాగితంలోకి తేమ చేరి కాస్త లీకైనా గ్రిడ్ మీద వోల్టేజి పెరుగుతుంది, వాల్వు అడ్డూఅదుపూ లేకుండా కరెంటు లాగుతుంది, వాల్వుతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ మాడిపోతుంది. చిన్న భాగం చేటు పెద్ద భాగానికి తగులుతుంది.

పెట్టె పని వేరే రకం ఓపిక కోరుతుంది. ముఖభాగం మీద వాల్‌నట్ పొరలు. ఒకే దుంగ నుంచి వరుసగా కోసిన రెండు పొరలను ఎదురెదురుగా తిప్పి అతికించడంతో, కొయ్య గీతలు నడిమి గీతకు అటూ ఇటూ సరిజోడుగా నిలిచాయి. అడుగున మాత్రం, నేల తేమకు పొర లేచిపోయింది. ఆ రోజుల్లో పశువుల తోళ్లు మరిగించి తీసిన బంక వాడేవారు. తడి, వేడి తగిలితే అది మళ్లీ కరుగుతుంది. పొరను లేపింది ఆ గుణమే, అతకడానికి దారి చూపిందీ ఆ గుణమే. తడి గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించి, తర్వాత చెక్కతో అదిమి బిగించి రాత్రంతా ఉంచాడు. పొర ఊడి పోయినచోట పాత వాల్‌నట్ ముక్క వెతికి, గీతల దిశ కలిసేలా కోసి పొదిగాడు. పై పలక మీద పూలకుండీ పెట్టిన తెల్లటి వలయం ఉంది. దాన్ని గీకితే చెక్కపొర పల్చబడుతుందని మరకను కాస్త మసకబార్చి వదిలేశాడు. ఆ నిర్ణయం నాకు నచ్చింది.

కరెంటు నేరుగా ఇవ్వలేదు. వంద వాట్ల బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి రేడియోను కాపాడుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. మాట వినిపించింది గాని సన్నగా ఉంది. అప్పుడు మొదలైంది అసలు చెవి పని. 1918లో అమెరికా ఇంజనీరు ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన పద్ధతిలో ఈ రేడియో పనిచేస్తుంది. ఏ స్టేషన్ వచ్చినా రేడియో దాన్ని ఒకే మధ్య పౌనఃపున్యానికి దించుకుంటుంది. ఫిల్కో సెట్లలో అది సాధారణంగా 470 కిలోసైకిళ్లు. ఫిలడెల్ఫియా వార్తల స్టేషన్ కెవైడబ్ల్యు 1060 మీద వస్తే, రేడియో లోపల 1530 పుట్టాలి. అలా కుదిరితేనే తేడా 470 అవుతుంది. ముందుగా మధ్య దశలను, తర్వాత డయల్ పై కొసను, ఆపైన కింది కొసను సరిచేశాడు. ఇనుము తగిలితే లెక్క మారుతుంది గనుక స్క్రూడ్రైవర్ కూడా ప్లాస్టిక్‌దే. ఒక కొస కుదిరితే రెండోది కాస్త జరుగుతుంది, మళ్లీ మొదటికి రావాలి. మీటరు ముల్లు ఇక పెరగదనిపించేదాకా అటూ ఇటూ తిరిగాడు.

ఛాసిస్ పెట్టెలో బిగించే ముందు ఒక కాగితం మీద మార్చిన ప్రతి భాగం విలువ, తేదీ రాసి లోపలి గోడకు అతికించాడు. చివర ఇంకో వరుస చేర్చాడు: స్పీకర్ ఫీల్డ్ కాయిల్ పాతదే, గంట నడిచాక వేడి ఎక్కువగా ఉంది, ఈసారి విప్పేవాళ్లు ముందు దాన్ని చూడాలి.