చెవితో చదివిన లెక్క

ప్రజాధనమును గూర్చి వ్రాయుట వృత్తిగా గైకొన్న నాకు, వ్యయపట్టికను స్వయముగా చదువుట కంటె ఒకరిచేత చదివించుకొని వినుటయే మేలను నమ్మకము నానాటికి బలపడుచున్నది. కంటితో చదువునపుడు దృష్టి మొత్తముల మీదికి పరుగెత్తును; కోట్లు కనబడును, నడుమనున్న చిల్లర పద్దులు జారిపోవును. వినునపుడో, పద్దు వెంట పద్దు వరుసగా రావలసినదే కాని దేనిని దాటిపోవుటకు వీలుండదు. మా అమ్మాయి చదువుచుండగా ‘ఇతర ఖర్చులు’ అను మాట చెవిని బడినంతనే, ‘ఆగమ్మా, ఆ పద్దు మరల చదువు’ అందును. ఆమె వ్రేలు రెండు వరుసలు వెనుకకు జరుగును. చడిచప్పుడు లేక సాగిపోవలసిన ఆ అంకె అక్కడ నిలిచి, తానెవరి కొరకు వ్యయమైనదో చెప్పవలసివచ్చును. ఈ విద్యలో నేను గురువుగా తలచుకొను మహనీయుడు, బ్రిటిషు పార్లమెంటులో పందొమ్మిదేండ్లు సభ్యుడుగా నుండి, ఎన్నడును భారతభూమిపై అడుగు పెట్టకయే ‘ఇండియా సభ్యుడు’ అను పేరు గడించిన హెన్రీ ఫాసెట్.

1833లో సాల్స్‌బరీ పట్టణమున ఒక బట్టల వర్తకుని యింట జన్మించి, కేంబ్రిడ్జిలో గణితము నభ్యసించి, 1856 నాటి పరీక్షలో ఏడవ స్థానము నంది, పార్లమెంటు ప్రవేశమే జీవితలక్ష్యముగా పెట్టుకొన్న ఆ యువకుడు, 1858 సెప్టెంబరు 17వ తేదీన తండ్రితో కలిసి హార్న్‌హాం కొండమీదికి కౌజుపిట్టల వేటకు వెళ్లెను. తండ్రి కంటికి అప్పటికే శుక్లము పట్టుచుండెను. కుమారుడు నిలిచిన చోటు కానక ఆయన పేల్చిన తుపాకినుండి వెలువడిన చిన్న గుండ్లు, కుమారుడు ధరించిన రంగుటద్దములను తూట్లు పొడిచి, రెండు కన్నులను ఒక్క క్షణములో హరించెను. చేజేతుల కన్నకొడుకును చీకటిపాలు చేసితినని కుమిలిపోవు తండ్రిని ఓదార్చు భారము ఇరువదియైదేండ్ల ఆ కుమారునిపైననే పడెను. చూపు పోయినను తన జీవితక్రమము మారరాదని అతడు నిశ్చయించుకొనెను; గుఱ్ఱపుస్వారి మానలేదు, చేపల వేట మానలేదు, పార్లమెంటు ఆశయు మానలేదు. 1863లో అర్థశాస్త్రమును గూర్చి గ్రంథము ప్రకటించి, ఆ యేటనే కేంబ్రిడ్జిలో ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. ఎన్నికలలో పలుమారులు ఓడియు వెనుదీయక, 1865లో బ్రైటన్ పట్టణ ప్రతినిధిగా కామన్స్ సభలో ప్రవేశించెను. 1867లో అతని చేపట్టిన మిలిసెంట్ గారెట్, తరువాతి కాలమున స్త్రీల ఓటుహక్కు ఉద్యమమునకు నాయకురాలైన విదుషి, భర్తకు కావలసిన పత్రములు చదివి వినిపించుచు అతని కార్యదర్శిగా మెలగెను.

కాగితము చూచుకొను అవకాశమే లేని వక్త అంకెలను కంఠస్థము చేసికొనక తప్పదు. కాని కంఠస్థము చేయుట మాత్రమే ఫాసెట్ విద్య కాదు. విన్న ప్రతి పద్దునకు వెనుక దానిని చెల్లించు మనిషిని భావించుట అతని విద్య. 1867లో టర్కీ సుల్తాను లండనుకు వచ్చినపుడు ఇండియా కార్యాలయమున నృత్యోత్సవము జరిపి, ఆ వినోదపు ఖర్చును భారతదేశపు ఖజానాకు వ్రాసిరి. అంతకు ముందటి యేడే ఒరిస్సాను, దానితోబాటు మన గంజాం సీమను, ఘోరక్షామము పీడించియుండెను. సామ్రాజ్యపు లెక్కలలో ఆ పద్దు ఎంత? దానిపై అలజడి యెందులకని పెద్దలు భావించియుందురు. ఫాసెట్ మాత్రము సభలో లేచి, ఒక దేశము తన అతిథిని గౌరవించుకొనుటకు వేరొక దేశపు బీదరైతు ఏల మూల్యము చెల్లించవలెనని ఆక్షేపించెను. ఆ సంవత్సరమే అబిసీనియా దండయాత్రకు పంపిన భారతసేనల జీతములను భారతదేశముపైననే మోపు ప్రతిపాదనను సైతము అతడు ప్రతిఘటించెను.

భారతదేశపు ఆయవ్యయముల చర్చను సమావేశముల చివరిదినములకు నెట్టి, ఖాళీ బల్లల నడుమ ముగించుట ఆనాటి ఆనవాయితీ. సభ్యులు వేసవి విడుదులకు తరలిపోవు ఆ వేళలో, శ్రోతలున్నారో లేరో చూడలేని ఒక వ్యక్తి, కోట్లాది జనుల ఉప్పు పన్నును, సైనికవ్యయమును, లండనులో జరుగు ఖర్చులను గూర్చి గంటల తరబడి ప్రసంగించుచుండెను. 1871లో ఈ విషయములను విచారించుటకు సభ ఒక సంఘమును నియమించగా, ఫాసెట్ అందులో సభ్యుడై పెద్దపెద్ద అధికారులను వదలక ప్రశ్నించెను. 1873లో దాదాభాయి నౌరోజీ సాక్ష్యము చెప్పినది ఆ సంఘము నెదుటనే. ఈ శ్రమ వలన బ్రైటన్‌లో అతనికొక్క ఓటయినను పెరిగియుండదు. 1874లో అక్కడ ఓడిపోయెను. అది విని భారతీయులు చందాలు పోగుచేసి అతని ఎన్నికల వ్యయమునకై పంపిరి. ఓటుహక్కు లేని ప్రజ తన ప్రతినిధిని తానే ఎన్నుకొన్నట్లుండిన ఘట్టమది. ఆ యేడే హాక్నీ నియోజకవర్గము అతనిని మరల సభకు పంపెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మలమల మాడ్చిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప మండలములు శ్మశానప్రాయములైన వెంటనే ఆఫ్ఘను యుద్ధము వచ్చిపడెను. ఆ యుద్ధవ్యయమును భారతదేశము నెత్తిన పెట్టుట అధర్మమని ఫాసెట్ సభలో పోరాడెను, నాడు నెగ్గలేదు. కాని 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము వచ్చిన పిమ్మట బ్రిటిషు ఖజానా ఆ వ్యయములో 50 లక్షల పౌనులు భరించుటకు అంగీకరించెను. చెవినిల్లు కట్టుకొని పోరినవారి మాట ఆలస్యముగానైనను ఫలించుట కిదియొక తార్కాణము.

ఆ ప్రభుత్వమున ఫాసెట్ తపాలాశాఖకు అధిపతి యయ్యెను. అక్కడను అతని బుద్ధి చిన్న పద్దుల చుట్టే తిరిగెను. ఒక షిల్లింగు చేతనుంటేనే గాని తపాలా బ్యాంకులో దాచుకొన వీలులేని బీదవాడు, ఒక్కొక్క పెన్నీ తపాలాబిళ్ల కొని కాగితముపై అంటించుచు, పండ్రెండు బిళ్లలు నిండగానే దానినే సొమ్ముగా జమకట్టించుకొను ఏర్పాటు చేసెను. 1883లో పార్సిలు తపాలా నెలకొల్పెను. ఆ మరుసటి సంవత్సరము నవంబరు 6వ తేదీన, ఏబదియొక్క యేండ్ల వయసున, కేంబ్రిడ్జిలో కన్నుమూసెను.

ప్రజాప్రతినిధికి వాగ్ధాటి భూషణము కావచ్చును. కాని అతని వృత్తిధర్మము మాత్రము పద్దు దగ్గర ఆగి అడుగుటయే. నేడు మనకు మన సభలున్నవి, మన ఓటున్నది. అయినను వేలకోట్ల పద్దులు చర్చయే లేక గుండుగుత్తగా ఆమోదము పొందు దినములను చూచుచున్నాము. పరదేశీయుల కొరకు, ఫలాపేక్ష లేక, వెలుతురే లేని కన్నులతో ఒకడు చేసిన పనిని, మనవారి కొరకు మనము చేయలేమనుట తగదు. ఓటడుగ వచ్చిన అభ్యర్థిని, ‘అయ్యా, కిందటి యేటి లెక్కలో మీరు ఏ పద్దు దగ్గర ఆగినారు, ఏమని అడిగినారు?’ అని ప్రతి ఊరివారును ప్రశ్నించవలెను. సమాధానము చెప్పగలవానినే సభకు పంపవలెను.