పఠనదీక్షకు పీఠిక

కువైట్ దేశంలో ఫర్వానియా గవర్నరేట్‌కు చెందిన రిగ్గైలో, అంతస్తులమీద అంతస్తులుగా లేచిన అద్దెయిళ్ళలో నివసిస్తూ, శుక్రవారపు సెలవుపూట ఒకచోట కూడి తెలుగు నవల చదువుకొనే కొందరు సహృదయులు, తాము ఏడాదిపాటు సాగించదలచిన పఠనదీక్షకు ఈ చిన్న పుస్తకాన్ని నియమావళిగా కూర్చి, పీఠిక వ్రాయవలసిందని నన్ను కోరారు. నియమం సులభమైనదే. నెలకొక కథాసంవిధానాన్ని, అంటే మారువేషమో, మరపో, తప్పిపోయిన బిడ్డో, కలహంతో మొదలై కల్యాణంతో ముగిసే ప్రణయమో, ఏదో ఒకదానిని ఎంచుకోవాలి. దానిని ధరించిన ఒక జనప్రియ నవలను, దానితోపాటు ఒక ప్రాచీన కథను చదవాలి. రచయిత సంప్రదాయాన్ని ఎక్కడ పాటించాడో, ఎక్కడ దాటాడో అరపుటలో వ్రాసి తోటివారికి వినిపించాలి.

వారపత్రికల సీరియళ్ళను మూసకథలని తోసిపుచ్చడం మన పండితవర్గంలో చిరకాలంగా ఉన్న అలవాటు. ఆ మూసలు పోతపోసిన చేతులు ఎవరివో విచారించినవారు మాత్రం అరుదు. విరాటపర్వంలో అజ్ఞాతవాసం లేకపోతే కథే లేదు. పుట్టుక తెలియని బిడ్డ వేదన లేకపోతే కర్ణుడే లేడు. పాఠక మహాశయా, ఇలా కూర్చుని ఒక్క శకుంతలోపాఖ్యానాన్ని నిదానంగా చూడండి. భారతకథలో దుష్యంతుడు ఆమెను మరచిపోలేదు. ఎరిగి ఉండే, లోకాపవాదానికి వెరచి, నిండుసభలో ఎరుగనన్నాడు. అశరీరవాణి పలికితే తప్ప ఆ సతికి న్యాయం దక్కలేదు. ఆ కథనే చేపట్టిన కాళిదాసు, దుర్వాసుని శాపాన్నీ, నీటిలో జారి చేపకడుపున చేరిన ఉంగరాన్నీ కల్పించి, రాజు అపరాధాన్ని మరపుగా మార్చి, విరహాన్ని ఇరువురికీ సమంగా పంచాడు. ప్రమాదంలో జ్ఞాపకం కోల్పోయిన నాయకుడు ఒక పాత వస్తువును చూచి గతాన్ని పోల్చుకొనే ఘట్టం నేటి నవలలో ఎదురైనప్పుడు పెదవి విరిచేవారు, ఆ ఘట్టం పుట్టిన ఇల్లు ఎంత పెద్దదో తలచుకోవాలి.

పెద్దన మనుచరిత్రలోనూ అంతే. ప్రవరుడు తిరస్కరించి వెళ్ళిన తరువాత గంధర్వుడు ఆ రూపంతోనే వరూధినిని చేరకపోతే స్వరోచి జననం లేదు, మనువు కథా లేదు. ఒకరి రూపంలో మరొకరు ప్రవేశించే ఆ కల్పన మీదనే ప్రబంధమంతా నిలిచింది. ఈ వంశవృక్షాన్ని ఎరిగి చదివినప్పుడు యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో ధనికుడైన యజమానికీ, ఆత్మాభిమానమే ఆస్తిగా గల జయంతికీ నడిచిన ఘర్షణలో, ఆ కాలపు మధ్యతరగతి ఆడపిల్ల ఉద్యోగపు గడప దాటుతూ మోసిన బెరుకూ బింకమూ కనిపిస్తాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వెంట సహాయకుడు రాజు ఎందుకు నడవవలసి వచ్చిందో తెలుస్తుంది. పాఠకుని సందేహాలను అడగడానికి ఒక గొంతు కావాలి కదా. యండమూరి ‘తులసిదళం’లో చేతబడి భయమూ, వైద్యశాస్త్ర తర్కమూ ఒకే పసిపిల్ల మంచం చుట్టూ పెనుగులాడిన తీరు నిపుణమైన కథకుని పని. నవలలన్నీ సమానమని నేననను. మూసను నింపి ఊరుకున్నవీ ఉన్నాయి. ఆ తారతమ్యం చదివి తేల్చుకోవలసినదే గాని, విని తేల్చుకోవలసినది కాదు.

ఈ కూర్పు వెనుక ఉన్న శ్రమను చెప్పకపోతే నా మాట అసంపూర్ణం. అచ్చులో లేని నవలలను వెదికించి, ఊరినుంచి వచ్చేవారి పెట్టెల్లో ఆవకాయ పొట్లాల నడుమ ఒక్కొక్కటిగా తెప్పించుకొని, చిరిగిన పుటలకు అంటుకాగితం వేసి, వంతులవారీగా పంచుకొని వారు చదివారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద పడవలో పుస్తకాలు నడిపి పల్లెపాఠకుని రేవులోనే కలుసుకొన్నారు. పుస్తకం మనిషి ఉన్నచోటికి వెళ్ళాలన్న ఆ గ్రంథాలయోద్యమ దీక్షకు ఈ రిగ్గై మిత్రులు వారసులని నేను నిస్సంకోచంగా అంటాను.

ఒక లోటు చెప్పాలి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలకు ఈ కూర్పులో తగినంత చోటు దక్కలేదు. శాపాలు, మారువేషాలు, రాకుమారుల వియోగాలు, పునస్సమాగమాలు అన్నీ పుష్కలంగా ఉన్న ఆ గని నుంచి మలికూర్పులోనైనా రెండు నెలలకు సరిపడా కథలు తీసుకోవలసిందని కూర్పరులకు నా సూచన.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. అరపుట వ్రాయాలన్న నియమాన్ని ఎంత తీరిక లేకున్నా విడవవద్దు. ఆ పుటలను పారవేయక ఒక నోటుపుస్తకంలో భద్రపరచి, ఏడాది చివర కూర్పరులకు అందజేయండి. మలికూర్పుకు అవే ఆధారం.