జెన్ పుస్తకంలో మెకానిక్

ఐర్లండులో మోటార్ సైకిలుకి 30 ఏళ్ళు నిండితే చట్టం దృష్టిలో అది వింటేజ్ బండి. అక్కణ్ణించి రోడ్డు పన్ను ఏడాదికి 26 యూరోలు.  ఈ వెసులుబాటు పుణ్యమా అని ఇక్కడ ఇళ్ళ వెనక షెడ్డుల్లో నార్టన్లు, ట్రయంఫులు, బి.ఎస్.ఏ.లు ముక్కలు ముక్కలుగా పడి ఉంటాయి. మనవాళ్ళలో కూడా కొందరికి ఈ పిచ్చి అంటుకుంది. అయితే మనవాళ్ళు వెతికేది బులెట్ కోసం. ఆ బండి పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్, మెట్టినిల్లు మద్రాసు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1970 నాటికి పుట్టింటికి తాళం పడింది, మెట్టినింట్లో మాత్రం ఆ పేరు ఇంకా నిలిచే ఉంది.

ఈ పిచ్చి ఉన్నవాడికి పుట్టినరోజుకి ఏమివ్వాలో తోచని స్నేహితులు కొనే పుస్తకం ఒకటుంది. రాబర్ట్ పర్సిగ్ రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్’. నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఒక్కటీ నేను కొన్నది కాదు.

చదవనివారి కోసం నాలుగు ముక్కలు. 1968 వేసవిలో పర్సిగ్ తన పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినియాపోలిస్ నుంచి కాలిఫోర్నియా దాకా మోటార్ సైకిలు మీద వెళ్ళాడు. మాంటానా దాకా జాన్, సిల్వియా అనే స్నేహితుల జంట తోడున్నారు. ఈ ప్రయాణం చుట్టూ తన చదువు, పాఠాలు చెప్పిన రోజులు, మతి చెదరడం, ఆస్పత్రిలో ఇచ్చిన కరెంటు షాకులు, గ్రీకు తత్త్వవేత్తలతో తగాదా అన్నీ అల్లి పుస్తకం చేశాడు. 121 మంది ప్రచురణకర్తలు తిప్పి పంపాక 1974లో అచ్చయింది, ఆ తర్వాత లక్షల్లో అమ్ముడుపోయింది. పర్సిగ్ 2017లో కన్నుమూశాడు. పుస్తకం మొదట్లోనే ఆయన ఒక హెచ్చరిక పెట్టాడు: ఇందులో జెన్ బౌద్ధం గురించి నికరమైన సమాచారం లేదు, మోటార్ సైకిళ్ళ గురించి కూడా అంతంతమాత్రమే అని. విమర్శకులు ఆ మాట పట్టుకుని మోటార్ సైకిలుని పక్కన పెట్టి తత్త్వం మీద పడ్డారు. చేతికి గ్రీజు అంటిన పాఠకుడిగా నేను ఇటువైపు నుంచి చూస్తాను.

షెడ్డులో నిజంగా పనికొచ్చే అధ్యాయాలు ఇందులో రెండున్నాయి. ఒకటి పట్టేసిన స్క్రూ గురించినది. ఇంజను పక్క కవరు విప్పాలి. ఒక స్క్రూ రాదు. బలం చేస్తే దాని గాడి కాస్తా అరిగిపోతుంది. ఎందుకూ కొరగాని ఆ స్క్రూ ఖరీదు ఆ నిమిషంలో మొత్తం బండి ఖరీదుతో సమానం అంటాడు పర్సిగ్. అది రానిదే బండి లేదు కదా. అప్పటిదాకా స్క్రూ అంటే ‘స్క్రూలు’ అనే జాతిలో ఒకటి. ఇప్పుడు మాత్రం ఇది, ఈ ఒక్కటే. తెలిసిన విద్య అంతా నిష్ప్రయోజనమైన చోటే మనిషి ఎదురుగా ఉన్నదాన్ని మొదటిసారి చూస్తాడు అనేది ఆయన వాదం. ఐర్లండు తేమలో ఈ అధ్యాయానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. అల్యూమినియం కవర్లో ఉక్కు స్క్రూ ఏళ్ళ తరబడి చెమ్మలో ఉంటే రెండు లోహాలూ ఒకదాన్నొకటి కొరుక్కుని ఒకటైపోతాయి. నెమ్మదిగా వేడి చెయ్యాలి. ఉక్కుకంటే అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది, ఆ వెంట్రుకవాసి సందులో స్క్రూ కదులుతుంది. కదలకపోతే నూనె పోసి ఇంట్లోకి వెళ్ళి అన్నం తినాలి.

రెండోది ‘గంప్షన్’ గురించిన అధ్యాయం. పని చేసేవాడి ఊపు ఎక్కడెక్కడ జారిపోతుందో చెప్తుంది. విప్పేటప్పుడు నోటుపుస్తకంలో రాసుకోమంటాడు. నేల మీద న్యూస్ పేపర్లు పరిచి, ఊడిన భాగాల్ని ఊడిన వరసలో ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పేర్చుకోమంటాడు. పర్సిగ్ పొట్టకూటికి కంప్యూటర్ మాన్యువళ్ళు రాసినవాడు, ఆ క్రమం ఇక్కడ తెలుస్తుంది. మనలో చాలామంది బతుకుతెరువుకి దగ్గరగా ఉన్న మాటలు ఇవి.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ మెకానిక్ దగ్గర మొదలవుతుంది.

పుస్తకం మొదట్లోనే ఒక ఘట్టం ఉంది. ఇంజను పట్టేస్తోందని పర్సిగ్ బండిని షాపుకి తీసుకెళ్తాడు. అక్కడ కుర్రాళ్ళు, గట్టిగా మోగుతున్న రేడియో, నవ్వులు. ఒకడు చప్పుడు సరిగా వినకుండానే ట్యాపెట్లు అనేస్తాడు. ఇంకొకడు కవరు రాకపోతే ఉలీ సుత్తీ అందుకుని దాన్ని పగలగొట్టి, చల్లబరిచే రెక్కలు కూడా విరిచేస్తాడు. పనివాడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిపోయిందన్నట్టు, బండి వెళ్ళినప్పటికంటే అధ్వాన్నంగా తిరిగొస్తుంది. కొన్ని వారాల తర్వాత పర్సిగ్ అసలు కారణం తనే పట్టుకుంటాడు. పావు డాలరు చేసే పిన్ను ఒకటి విరిగి, వేగంలో ఇంజను తలకి నూనె అందడం లేదు. దీన్నుంచి ఆయన తీసే సిద్ధాంతం: వాళ్ళు పనివాళ్ళు కారు, తమ పనికి తామే ప్రేక్షకులు. తాను దిద్దుతున్న కంప్యూటర్ మాన్యువళ్ళు కూడా అలాంటి ప్రేక్షకుల మాన్యువళ్ళే అంటాడు.

మాన్యువళ్ళ గురించి ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆ కుర్రాళ్ళ సంగతి వేరు. నాలుగు వందల పేజీల పుస్తకంలో జీతానికి బండ్లు బాగుచేసేవాడు మనకి నిలబడి కనిపించే ముఖ్య ఘట్టం ఇదే. ఆ కుర్రాళ్ళకి పేర్లు లేవు. రోజుకి ఎన్ని బండ్లు చూడాలో, యజమాని గంటకి ఎంతిస్తాడో లేదు. రేడియో పెట్టుకోవడం నేరంగా నమోదైంది. నూనె పిన్ను కనిపెట్టడానికి పర్సిగ్‌కి దొరికిన వారాల వ్యవధి వాళ్ళకి దొరికేదా అన్న ప్రశ్న ఆయనకి రాలేదు.

మన ఊళ్ళ మెకానిక్ షెడ్డు చూసి పెరిగినవాడికి రాకుండా ఉండదు. అక్కడా సినిమా పాట మోగుతూనే ఉంటుంది. పానాలు అందించే కుర్రాడు బడి మానేసినవాడు, చాలాసార్లు మానిపించబడినవాడు. అంత గోలలో మేస్త్రీ బండి చప్పుడు విని టైమింగ్ చెయిన్ వదులైందో, పిస్టన్ ఆడుతోందో చెప్పేస్తాడు. పాయింట్లు ఏ క్షణాన విడుతున్నాయో సిగరెట్ కాగితం మధ్యలో పెట్టి లాగి చూసుకుంటాడు. ఈ కాగితం పద్ధతి ఇక్కడి ఐరిష్ ముసలివాళ్ళకీ తెలుసు. పాత బులెట్‌కి కిక్ కొట్టే ముందు అమ్మీటరు ముల్లుని మధ్యకి తెచ్చి, డీకంప్రెషన్ లివరు నొక్కి పిస్టన్‌ని పై అంచు దాటించే విద్య నాకు ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కాలేజీలో ఒట్టో చక్రం గీయించారు. కిక్ రాడ్ వెనక్కి తంతే మోకాలు ఏమవుతుందో షెడ్డులో నేర్పారు.

మాథ్యూ క్రాఫర్డ్ 2009లో ‘షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం వేసినప్పుడు ఈ లోటు తీరుతుందనిపించింది. ఆయన చికాగో యూనివర్సిటీలో రాజకీయ తత్త్వశాస్త్రంలో డాక్టరేటు చేసి, వాషింగ్టన్‌లో ఉద్యోగం వదిలి, వర్జీనియాలో మోటార్ సైకిళ్ళ రిపేరు షాపు పెట్టుకున్నవాడు. పర్సిగ్‌లో లేని ఒక మనిషి ఇందులో ఉన్నాడు, బండి యజమాని. కుతూహలం కొద్దీ ఒక పాత హోండా మీద గంటలు గంటలు తవ్వేసి, ఇప్పుడు ఇంత సమయానికీ బిల్లు వెయ్యడం న్యాయమా అని క్రాఫర్డ్ తలపట్టుకునే పేజీలు పర్సిగ్ రాయలేనివి. కానీ పర్సిగ్ రేడియో ఘట్టాన్ని మాత్రం ఈయన యథాతథంగా తీసుకుని, పైన మరో తీర్పు చేర్చాడు. చేతిపనికి గౌరవం కావాలన్న పుస్తకం రాయడానికి డాక్టరేటు ఉన్నవాడే దిగిరావలసి వచ్చింది. మెకానిక్‌గా పుట్టి మెకానిక్‌గా పెరిగినవాడు రాస్తే వేసేవాళ్ళు ఎందరుండేవారో.

ఇప్పుడు మన హాబీ సంగతి. పర్సిగ్ పుస్తకంలో జాన్ దగ్గర బి.ఎం.డబ్ల్యు. ఉంటుంది. దాని హ్యాండిలు జారుతోంది. బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడతానంటాడు పర్సిగ్. మెత్తటి అల్యూమినియం, తుప్పు పట్టదు, ఆ పనికి అంతకంటే మంచిది లేదు. జాన్ మొహం మాడ్చుకుంటాడు. నా బి.ఎం.డబ్ల్యు.కి బీరు డబ్బానా! చదివేవాళ్ళందరూ ఇక్కడ పర్సిగ్ పక్షాన నిలబడి నవ్వుతారు. వింటేజ్ బండ్ల మనుషులం మాత్రం నిజం ఒప్పుకోవాలంటే జాన్ పక్షమే. ఆ ఏడు ఆ ఫ్యాక్టరీలో వేసిన నట్టే కావాలి మాకు. ఆ సంవత్సరపు పచ్చరంగులో రవ్వంత తేడా వచ్చినా నిద్రపట్టదు. బీరు డబ్బా పద్ధతి ఎవరిదయ్యా అంటే మన షెడ్డు మేస్త్రీది. ట్యూబు ముక్కతో, వేరే బండి స్ప్రింగుతో, లేతు మీద తిప్పించిన బుష్షుతో వేల మైళ్ళు నడిపించేవాడు అతను. అంటే ఈ పుస్తకం పొగిడే గుణాలన్నీ ఉన్నవాడు ఇందులో కనిపించడు.

ఇంకో తమాషా. వింటేజ్ మనుషులందరికీ కానుకగా వచ్చే ఈ పుస్తకంలోని బండి వింటేజ్ కానే కాదు. అది 1966 నాటి హోండా సూపర్ హాక్, ప్రయాణం నాటికి దాని వయసు రెండేళ్ళు. మా షెడ్డుల్లో ఉన్న బ్రిటిష్ బండ్లని మార్కెట్లోంచి తుడిచిపెట్టిన జపాన్ తరం అదే. పుస్తకంలో దాని పేరు ఒక్కసారీ రాదు, పేరుతో పనిలేదు కాబట్టి. పర్సిగ్ రాసింది మెయింటెనెన్స్ గురించి. రేపు ఉదయం బయల్దేరాలి, అంచేత ఇవాళ రాత్రి చెయిన్ బిగించాలి. రెస్టొరేషన్ అలా కాదు, అది బండిని గతంలో ఒక రోజుకి వెనక్కి తీసుకెళ్ళి అక్కడ ఆపెయ్యడం. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఈ సంగతి దాచుకోలేదు. 50 ఏళ్ళు దాటిన బండికి ‘వి.ఎ.’ అక్షరాల ప్రత్యేక నంబరు ఇస్తాం, రోజువారీ వాడకానికి మాత్రం తియ్యొద్దు అన్నాయి. పర్సిగ్ హోండా కూడా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ చేతిలో ఉంది. దానికింక చెయిన్ బిగించే పని లేదు.

ఈ ద్వీపంలోనే ఈ పుస్తకానికి ఒక జవాబు దొరుకుతుంది, పుస్తకం రూపంలో కాదు. ఉత్తర ఐర్లండులోని హిల్స్‌బరో వాడు రెక్స్ మెకాండ్‌లెస్, ఇంజనీరింగ్ డిగ్రీ లేనివాడు. రేసు బండి మూల తిరిగేటప్పుడు ఎందుకు అదుపు తప్పుతుందో చేత్తో చేసి చూసి, గొట్టాలు వంచి, కొత్త ఫ్రేము కట్టాడు. 1950లో నార్టన్ కంపెనీ దాన్ని తన రేసు బండ్లకి తీసుకుంది. ఈక పరుపు మీద స్వారీలా ఉందని ఒక రైడరు అన్నందుకు ‘ఫెదర్‌బెడ్’ అనే పేరు నిలిచిపోయింది. పర్సిగ్ రెండు ముక్కలుగా చూసిన మనుషులు, అంటే రూపం చూసేవాడూ దాని వెనక సూత్రం చూసేవాడూ, ఇతనిలో ఒకే మనిషి.

పర్సిగ్‌కి మన దేశంతో కూడా లెక్కలున్నాయి. బెనారస్ హిందూ యూనివర్సిటీలో చదివాడు. జగత్తు మిథ్య అన్న ప్రొఫెసర్ని, హిరోషిమా మీద పడిన బాంబు కూడా మిథ్యేనా అని అడిగాడు. అవునని ఆయన చిరునవ్వు నవ్వగానే చదువు మానేసి వెళ్ళిపోయాడు. కొబ్బరి చిప్పలోని బియ్యం గుప్పిట్లో పట్టుకుని చెయ్యి బయటికి రాక దొరికిపోయే కోతి కథ చెప్పి, దానికి దక్షిణ భారత కోతి ఉచ్చు అని పేరు పెట్టాడు. మనం ఉచ్చులు పన్నడంలో అంత ప్రసిద్ధులమని నాకు తెలియదు. అయినా ఆ ఉపమానం బాగుంది.

ఇదంతా చివరికి ఒక మాట దగ్గరికి వస్తుంది. పర్సిగ్ మొత్తం పుస్తకాన్ని ‘క్వాలిటీ’ అనే ఒక్క మాట మీద నిలబెట్టాడు. అది వస్తువులోనూ లేదు, చూసేవాడి మనసులోనూ లేదు, రెండూ కలిసే చోట ఉంది అంటాడు. గ్రీకుల ‘అరెటే’ అంటాడు, ధర్మం అంటాడు. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘నాణ్యత’ అంటే సంతలో సరుకు గుర్తొస్తుంది. ‘గుణం’ అంటే మళ్ళీ వస్తువులోకే వెళ్ళిపోతుంది. ‘పనితనం’ అనే మాట మనకి ఎప్పట్నించో ఉంది. కుర్చీలో పనితనం ఉంది అంటాం, వడ్రంగిలో పనితనం ఉంది అంటాం, ఒకే మాట. అది వస్తువుదా మనిషిదా అని తెలుగువాడు ఎప్పుడూ విడదీయలేదు. పర్సిగ్ గ్రీకుల దాకా వెళ్ళి తవ్వుకొచ్చినది కమ్మరి కొలిమి దగ్గర మామూలు మాట. కాకపోతే ఆ మాట వాడినవాళ్ళని మనం పుస్తకాలకీ, పంక్తి భోజనాలకీ దూరంగానే ఉంచాం. డిగ్రీ పట్టుకుని సముద్రాలు దాటాక, అదే పనిని హాబీ అనే పేరుతో శనివారాలు చేసుకుంటున్నాం.

ఎవరైనా ఈ పుస్తకాన్ని తెలుగు చేస్తే క్వాలిటీ దగ్గర ‘పనితనం’ పెట్టి చూడమని నా సలహా. సోక్రటీసు, ప్లేటోల గొడవ దగ్గర అది అతకదు, అక్కడ ‘ధర్మం’ పెట్టుకోవచ్చు. ‘గంప్షన్’కి మాత్రం నాకు మాట దొరకలేదు. ‘ఊపు’ తేలిక, ‘పట్టుదల’ బరువు. బహుశా ఏ షెడ్డులోనో మేస్త్రీని అడగాలి.